‘పూర్తిగా నగదు’ అన్న షరతు

కోవిడ్ ఆంక్షలు సడలిన ఏడాది వసంతంలో, నార్త్ యార్క్‌లోని మా కంపెనీ కనాటా అనే ఊళ్లో ఉన్న ఒక చిన్న టెలికాం సంస్థను కొనే పని నాకు అప్పగించింది. నా హోదా కొనుగోళ్ల విభాగం డైరెక్టర్. లాయర్ని కాను, బేరగాణ్ని. గుంటూరులో మా నాన్నది బట్టల కొట్టు. మెట్లు దిగబోయే గిరాకీ పక్క కొట్టుకు పోకుండా ఆపడమే నేను నేర్చిన మొదటి విద్య. ఎంబీఏ దానికి కట్టిన టై మాత్రమే.

విలీన ఒప్పందం మీద సంతకాలయ్యాక అమ్మే సంస్థ వేరే కొనుగోలుదారును వెతకకూడదు. ఎవరైనా తమంతట తాము మెరుగైన ప్రతిపాదనతో వస్తే మాత్రం బోర్డు వాళ్లతో మాట్లాడవచ్చు. ఏది ‘మెరుగైనది’ అన్నది ఒప్పందంలోనే నిర్వచిస్తారు: షేర్లన్నీ కొనాలి, డబ్బు సిద్ధంగా ఉండాలి, వాటాదారులకు మా ధరకంటే ఎక్కువ గిట్టాలి. నేను ‘చెల్లింపు పూర్తిగా నగదు’ అని ఇంకొకటి తగిలించాను. మాకు పోటీ రాగల ఒకే ఒక్క కంపెనీ దగ్గర అంత నగదు లేదని నాకు తెలుసు.

అటువైపు లాయరు, ఒకావిడ, ఆ షరతు కొట్టేసి పంపారు. దాంతో ఆ సంస్థ వ్యవస్థాపకుడు, బోర్డు అధ్యక్షుడు అయిన సుధాకర్ గారికి నేనే ఫోన్ చేశాను. ఆయనది కాకినాడ. అరగంట ఊరి కబుర్లు చెప్పుకుని, పెట్టేసే ముందు, “అది మామూలు క్లాజేనండీ, అందరూ పెట్టేదే” అన్నాను.

“మీరంటున్నారుగా, ఉంచేయమంటా లెండి. మా లాయరుకి అన్నీ అనుమానాలే.”

ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను.

సంతకాలై నెల తిరిగేసరికి ఆ పోటీ కంపెనీ వచ్చింది. మాకంటే ఎక్కువ ధర, కానీ సగం నగదు, సగం తన షేర్లు. పైగా మేం మూసేద్దామనుకున్న కనాటా ల్యాబ్‌ను, అందులోని నలభై మంది ఇంజినీర్లను ఉంచుతామని రాతపూర్వక హామీ. మా నిర్వచనం ప్రకారం అది మెరుగైనది కాదు. బోర్డు వాళ్లతో మాట్లాడటానికే వీల్లేదు.

సుధాకర్ గారు ఫోన్ చేశారు. గొంతు పెంచలేదు. “మామూలుదే అన్నారు కదండీ. మా ల్యాబ్ పిల్లల ఉద్యోగాలు పోతాయి. ఆ ఒక్కటీ సడలించగలరా?”

మా కంపెనీ తలచుకుంటే ఆ షరతు వదులుకోవచ్చు. సిఫారసు చేయాల్సింది నేనే. చేయలేదు. తెలుగు మానేసి ఇంగ్లీషులోకి దిగి, ఒప్పందంలోని సెక్షన్ చదివి వినిపించాను. ఆయన చివరిదాకా విని, సరేనండీ అని పెట్టేశారు.

పోటీ కంపెనీ తప్పుకుంది. వాటాదారుల ముందు మిగిలింది మా ప్రతిపాదన ఒక్కటే, ఆమోదించారు. చలికాలానికి ల్యాబ్ మూతపడింది. నాకు బోనస్ వచ్చింది, తీసుకున్నాను.

ఈ వృత్తిలో ‘అందరూ పెట్టేదే’ అన్న మాట అవతలి లాయరుతోనే అనాలి. ఆవిడైతే ఎవరు పెట్టారో చూపించమంటారు. ఆవిడను దాటి ఆయనతో అన్నానంటేనే, అది అబద్ధమని నాకు ముందే తెలుసన్నమాట.