మేరీ సిస్టర్ ఆడిన అబద్ధం

నంద్యాల ఆసుపత్రిలో కాన్పుల వార్డు తలుపు తెరవగానే ఫినాయిల్ వాసన గుప్పుమంటుంది. రోజూ పీల్చే వాసనే. అయినా ఒక్కోరోజు దానికి మేరీ సిస్టర్ గుర్తొచ్చి, చేస్తున్న పని మరిచి నిలబడిపోతాను.

అప్పట్లో ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో ఆమె నర్సు, నేను కొత్తగా చేరిన సహాయకురాలిని. పై వీధికీ కింది వీధికీ పగ. ఆరోగ్య కేంద్రం రెంటికీ మధ్యన. మగవాళ్ల పగ సంగతి ఆడవాళ్ల కడుపులకేం తెలుసు? అయినా ఒక వీధి గర్భిణులున్నప్పుడు రెండో వీధివాళ్లు గడప తొక్కరు. అందుకని సిస్టర్ సోమవారం కింది వీధికి, గురువారం పై వీధికి అని పెట్టుకుంది. ఆదివారం చర్చిలో పిల్లలకు అబద్ధమాడరాదని చెప్పే మనిషి. సూది వేసేముందు కూడా “నొప్పి ల్యాదు” అనదు. “నొస్తాది, ఓర్సుకో” అంటుంది.

పై వీధిలో ఒకరిని కింది వీధివాళ్లు నరికి చంపిన మర్నాడు, కింది వీధి లక్ష్మీదేవికి నెలలు నిండకుండానే రక్తం పోవడం మొదలైంది. కేంద్రానికి మోసుకొచ్చారు. అంబులెన్సు వచ్చేదాకా ఆగితే మనిషి దక్కదు. ఆటోలో ఆళ్లగడ్డకు పోదామంటే పై వీధి దాటాలి. అక్కడ మగవాళ్లు వేటకొడవళ్లతో కాపు కాస్తున్నారు.

సిస్టర్ గబగబా పై వీధికి నడిచి, ఆ వర్గం నాయకుడి తల్లి నాగమ్మవ్వను బీపీ చూస్తానని వెంటబెట్టుకొచ్చింది. కేంద్రం వాకిట్లోనే బీపీ చూసి, “శానా ఎక్కువుండాదవ్వా, ఆళ్లగడ్డకు పోవాల. బేగా ఎక్కు” అని ఆటోలో డ్రైవరు పక్కన కూర్చోబెట్టింది. వెనక అప్పటికే పరదాలు దించి, లక్ష్మీదేవి తల నేను ఒళ్లో పెట్టుకున్నాను. పై వీధి మగవాళ్లు ముందున్న అవ్వను చూసి దారిచ్చారు. ఊరు దాటాక మూలుగు వినబడి అవ్వ వెనక్కి తిరిగి చూసింది.

తల్లీ బిడ్డా బతికారు. ఆళ్లగడ్డ ఆసుపత్రి వరండాలో అవ్వ అడిగింది.

“నాకు బీపీ ఉండాదంటివే, నిజమేనా?”

“ల్యాదవ్వా. అబద్ధం చెప్పినా.”

“ఆడబిడ్డ సచ్చిపోతాందని చెప్పింటే నేను రాకపోదునా? అంత కానిదాన్నా?”



ఆ తర్వాత గురువారాలు పై వీధినుంచి ఎవరూ రాలేదు. సిస్టర్ వాళ్ల ఇళ్లకు పోయినా తలుపు తీయలేదు. ఆ వానాకాలంలో అక్కడొకామె ఇంట్లోనే కాన్పయి, బిడ్డను పోగొట్టుకుంది. “తప్పు చేసినానా పాపా?” అని సిస్టర్ నన్ను అడిగేది. ఒకరోజు లేదనేదాన్ని, ఇంకోరోజు ఏమో అనేదాన్ని. ఆమె రిటైరై వెళ్లేదాకా నా జవాబు కుదురుగా నిలబడలేదు.

ఇప్పటికీ నాకు తేలలేదు. అబద్ధమాడకుంటే లక్ష్మీదేవి ఉండేదా? ఆడకపోయుంటే ఆ పై వీధి బిడ్డ ఉండేదేమో కదా? తలచుకుంటే దిక్కు తోచదు. ఇప్పుడు ఎవరినైనా సాయం అడగాల్సి వస్తే, అది ఎవరికోసమో ముందే నిజం చెప్పేస్తాను. చెప్పాక, వాళ్లు నోరు తెరిచేలోపు, కాదంటే ఇంకెవరిని అడగాలా అని మనసులో వెతుక్కుంటాను.