‘నీ ఇష్టం’కి ఇంగ్లీషు

కెనడాలో నాకు దొరికిన మొదటి ఉద్యోగానికి జీతం లేదు. అయినా ఆ ఉద్యోగానికి వెళ్ళినంత హుషారుగా ఆ తరవాత దేనికీ వెళ్ళలేదు.

మా కేంబ్రిడ్జ్‌లో అప్పుడు ఏ బస్సెక్కినా తెలుగే. కాలేజీలో తెలుగే, బస్‌స్టాపులో బూట్ల మీద మంచు దులుపుకుంటూ తెలుగే. ఏ కాఫీ షాపులోనో ఒక్క పార్ట్‌టైమ్ జాబ్ పడిందంటే మేమంతా రెజ్యూమేలు పట్టుకుని, పెళ్ళిలో రెండో పంక్తికి కాచుకున్నట్టు బారులు తీరేవాళ్ళం. నాకు ఎక్కడా విస్తరి పడలేదు. నల్గొండలో మా ఇంట్లో నన్ను లౌడ్‌స్పీకర్ అనేవారు. ఇక్కడికొచ్చాక ఆ నోటికి పనే లేకుండా పోయింది. నేను తెగ దిగులు పడుతున్న రోజుల్లో, నేను బేస్‌మెంట్‌లో అద్దెకున్న ఇంటి ఆంటీ మెట్లు దిగి వచ్చి, శనివారం పొద్దున్నే తమతో కమ్యూనిటీ సెంటర్‌కి రాగలనా అని అడిగారు.

సంగతేమిటంటే, ఆంటీకీ పదో తరగతి కూతురికీ మాటల్లేవు. వేసవిలో స్కూలు వాళ్ళు పిల్లల్ని ఉత్తరాన సరస్సులకు తీసుకెళ్తారట. పగలంతా సన్నటి పడవల్లో తెడ్లు వేసుకుంటూ పోవడం, చీకటి పడితే డేరాల్లో పడుకోవడం. ఆ పిల్ల వస్తానని స్కూల్లో పేరిచ్చేసింది. నన్ను కాదని పేరిచ్చిందని ఆంటీ, అడిగే ఇచ్చానని కూతురు. అంకుల్ ఓక్‌విల్ కార్ల ప్లాంట్‌లో శనివారాలు కూడా షిఫ్టు చేసేవారు. ఇంట్లో ఉన్న కాసేపూ తల్లీకూతుళ్ళ మధ్య రాయబారం నడిపి, ఇద్దరిచేతా చీవాట్లు తినేవారు. చివరికి స్కూలు కౌన్సెలరే చెప్పిందట, పెద్దవాళ్ళూ పిల్లలూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం నేర్పే క్లాసులున్నాయి, ఊరికే నేర్పుతారు, వెళ్ళండని. ఆంటీది కాకినాడ. ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది గానీ కోపం వస్తే ఒక్క ముక్క నోటికి రాదు. కూతురికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే. అందుకని మధ్యలో నేను.

గోడకవతల మాటలు వినబడితేనే చెవులు రిక్కించే మనిషిని. అలాంటిది పిలిచి పీటేసి, మా ఇంటి గొడవ విను తల్లీ అంటే కాదంటానా? శుక్రవారమే డ్రెస్ ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.

ఆ గది ఐస్ రింక్ పక్కనే ఉండేది. గోడ అవతల హాకీ కర్రల చప్పుడు, తలుపు తీసినప్పుడల్లా చల్లగాలీ తడి బూట్ల వాసనా. గుండ్రటి బల్లల చుట్టూ కుటుంబాలు. మా పక్క బల్ల దగ్గర ఒక పంజాబీ తల్లీ కొడుకూ, ఎదురుగా ఇద్దరు కూతుళ్ళతో ఒక ఫిలిపినో నాన్న. క్లాసు నడిపే పెద్దావిడ నన్ను పక్కకు పిలిచి, వాళ్ళు ఏమంటే అదే చెప్పు, నీ సొంతం ఏదీ కలపకు అంది. నేను బుద్ధిగా తలూపాను. నా సంగతి ఆవిడకు అప్పటికింకా తెలియదు.

పద్ధతి తేలికైనదే. ఒకరు చెప్పాలి. రెండోవాళ్ళు వాదించకుండా, తమకు వినబడిందేమిటో తిరిగి చెప్పాలి. అంతే. ముందు ఆంటీ వంతు వచ్చింది.

"జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటానంది. నీ ఇష్టం అన్నాను. అయినా కత్తిరించుకొచ్చింది. డాన్స్ క్లాసు మానేస్తానంది. నీ ఇష్టం అన్నాను. అయినా మానేసింది. ఇప్పుడు ఈ పడవలు. నీ ఇష్టం అన్నానా, వెంటనే వెళ్ళి పేరిచ్చేసింది. నా మాటంటే లెక్కే లేదు దీనికి."

నేను మంచి ఊపు మీద ఇంగ్లీషులోకి దింపాను. నువ్వే నిర్ణయించుకో అని చెప్పాను, అయినా జుట్టు కత్తిరించుకుంది. నువ్వే నిర్ణయించుకో అని చెప్పాను, అయినా డాన్స్ మానేసింది. ఆ మాటలు నా నోట్లోంచే వచ్చినా నాకే వింతగా వినబడ్డాయి. పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ ఒకసారి చెప్పమంది. చెప్పాను. రెండోసారి ఇంకా అన్యాయంగా ఉంది.

కూతురు అరచేత్తో బల్ల మీద చరిచింది. నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది అదే కదా అంది. నన్నే డిసైడ్ చేయమంటుంది, చేస్తే వారాల తరబడి మొహం ముడుచుకుంటుంది, అందుకే ఇక ఈ ఇంట్లో నేను ఎవర్నీ ఏదీ అడగను, అంది ఇంగ్లీషులో.

ఆ ఆఖరి మాట ఆంటీకి నా సాయం లేకుండానే అర్థమైంది. ఆవిడ మొహం పాలిపోయింది. వెళ్తానన్న కూతురితో పోట్లాడవచ్చు. అసలు అడగడమే మానేసిన కూతురితో ఏం చేస్తారు? పడవల గొడవ ఎటు పోయినా, ఆవిడ పోగొట్టుకోబోతున్నది మాత్రం అదే.

నాకు అప్పుడు వెలిగింది. వెలిగాక నేను కూర్చోలేను. పెద్దావిడ హెచ్చరికను గాలికొదిలేసి లేచి నిలబడ్డాను. మా ఇళ్ళల్లో నీ ఇష్టమంటే నీ ఇష్టం కాదండీ అన్నాను. అది వద్దు కన్నా పెద్ద వద్దు. వద్దంటే కాళ్ళూ గడ్డమూ పట్టుకుని బతిమాలుకోవచ్చు, నీ ఇష్టం అన్నాక బతిమాలడానికి కూడా దారుండదు. మరి నిజంగానే నువ్వే నిర్ణయించుకో అని చెప్పాలంటే ఏమంటారని పెద్దావిడ అడిగింది. అప్పుడూ నీ ఇష్టమనే అంటామన్నాను. తేడా గొంతులో తెలుస్తుంది, గిన్నె మీద మూత పెట్టే చప్పుడులో తెలుస్తుంది.

రెండూ అని చూపించమంది. నాకు కావలసిందీ అదే. మొదటిది చెయ్యి ఊపి నవ్వుతూ అన్నాను. రెండోదానికి మొహం అటు తిప్పుకుని, మూత లేదు గనక కాఫీ కప్పు ధన్‌మని పెట్టాను. కాఫీ బల్లంతా ఒలికింది.

పంజాబీ తల్లి పకపకా నవ్వి, మా దగ్గరా ఇంతే, "తేరీ మర్జీ" అంటాం అంది. కొడుకు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఫిలిపినో నాన్న సిగ్గుపడుతూ "బహాలా కా" అన్నాడో లేదో, కూతుళ్ళిద్దరూ ఒకేసారి మూలిగారు. ఇక గదంతా ఒకటే గోల. ఎవరి భాషలో ఆ మాటను వాళ్ళు పైకి అని, మొహం తిప్పి చూపించి నవ్వుతున్నారు. నాకు కాలు నిలవలేదు. ఇన్ని దేశాల అమ్మానాన్నలు ఒకే అబద్ధం ఆడుతున్నారని నేను కనిపెట్టేశాను మరి.

ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. అయితే జుట్టుకి వద్దందా, అని నన్నడిగింది. అవునన్నాను. డాన్స్‌కీ? అవునన్నాను. ఒలికిన కాఫీని టిష్యూతో తుడుస్తూ, గొంతు తగ్గించి ఏదో చెప్పింది. ఈసారి నేను ఒక్క మాట కలపలేదు.

"మా అమ్మ అన్నీ నాకే వదిలేస్తది, నన్ను అంత నమ్ముతది అని ఫ్రెండ్స్ అందరికీ గొప్పగా చెప్పుకున్నా అంటుంది, ఆంటీ."

ఆంటీ కోటు చేతులతోనే కళ్ళు తుడుచుకున్నారు. మా అమ్మ నాతో అలాగే అనేది, నాకు అర్థమయ్యేది, దీనికీ అర్థమవుతుందనుకున్నాను అన్నారు. అది మాత్రం లౌడ్‌స్పీకర్ కట్టేసి, మెల్లగా ఇంగ్లీషులో చెప్పాను.

ఇంటికెళ్ళాక ట్రిప్ సంగతి మీ ఇద్దరే తేల్చుకోండి, ఈ అమ్మాయి లేకుండా, అని పెద్దావిడ హోమ్‌వర్క్ ఇచ్చింది. నాకు ఎక్కడ లేని ఉక్రోషం వచ్చింది. అసలు ఘట్టం రాబోతుంటే ప్రేక్షకురాలిని బయటికి పంపేస్తారా? ఆ సాయంత్రమంతా బేస్‌మెంట్‌లో సీలింగ్‌కి చెవులప్పగించి కూర్చున్నాను. అడుగుల చప్పుడే గానీ మాట లేదు.

ఆదివారం పొద్దున ఇక ఆగలేక, ఎప్పుడో పప్పు పోసిచ్చిన గిన్నె తిరిగిచ్చే మిష మీద పైకెళ్ళాను. ఆంటీ పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతున్నారు. కూతురు ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి ఉంది. ఇంగ్లీషులోంచి దించడానికి నేనున్నానని చూసి కూడా తెలుగులోనే అడిగింది.

"అమ్మా, ట్రిప్‌కి వెళ్ళనా?"

"నీ ఇష్టం," అన్నారు ఆంటీ, అలవాటు కొద్దీ, తిరిగి చూడకుండా.

ముగ్గురం ఉలిక్కిపడ్డాం. గరిటె ఆగిపోయింది.

"ఏ నీ ఇష్టం?" అంది కూతురు.

ఆంటీ పొయ్యి కట్టేశారు. కూతురి వైపు పూర్తిగా తిరిగారు.

"నాకు ఇష్టం లేదు. నీకు ఈతొచ్చని తెలుసు, అయినా నీళ్ళంటే నాకు భయం. వెళ్ళు."

ఆ పిల్ల వాదించలేదు. క్లాసులో చెప్పినట్టే, తనకు వినబడింది ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చెప్పింది. "నీకు ఇష్టం లేదు. నీకు భయం. నేను వెళ్ళాలి."

"వెళ్ళాలి కాదే. వెళ్ళొచ్చు."

నా ఉద్యోగం పోయిందని నాకు అప్పుడే తెలిసిపోయింది. ఉద్యోగం పోతే ఎవరికైనా అంత సంతోషం కలుగుతుందా? గిన్నె గుండెకు హత్తుకుని, పిచ్చిదానిలా నవ్వుతూ అక్కడే నిలబడ్డాను.

ఆ పిల్ల "వెళ్ళొచ్చు" అనబోయింది. నోరు తిరగలేదు. మళ్ళీ ప్రయత్నించి, చివరికి "వెళ్ళొస్తా" అంది.

ఆ తప్పును ఆంటీ దిద్దలేదు.