ట్యూనింగు చేసిన కారులో ఒడిబియ్యం

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్ళు చాపుకున్నా ఫరవాలేదు, మంచినీళ్ళ చెంబు మాత్రం అందేటట్టు పెట్టుకోండి. కారు ఇంజనుకు కంప్యూటరుతో ట్యూనింగు చేయిస్తే బలం పెరుగుతుందా, డీజిలు తక్కువ తాగుతుందా అని మీలో ఎవరికైనా అనుమానం ఉంటే, నేను ఒక్క రోజులో మిర్యాలగూడ నుంచి కోదాడ, సూర్యాపేట తిరిగి వచ్చి చూసిన సంగతి చెబుతాను. నేను చదివింది నాలుగో తరగతే గాని, ఒకసారి చూసింది మరిచిపోను.

ఇది మన రాష్ట్రం రాకముందు ఏడాదో, రెండేళ్ళో. మా ఆయన సైదులు అంతకుముందు సూర్యాపేటలో ఒక సేటు దగ్గర లారీ నడిపేవాడు. నాగపూర్ అని పోతే అక్కడి నుంచి ఎటు లోడు దొరికితే అటు. ఎప్పుడొస్తాడో ఆయనకే తెలిసేది కాదు. ఒకసారి ఇంటికొస్తే మా చిన్నది తండ్రిని గుర్తుపట్టక, "అమ్మా, ఎవరో వచ్చిండ్రు" అని నా కొంగు వెనక దాక్కుంది. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. లారీ దిగి, సెకండ్ హ్యాండులో ఒక డీజిలు కారు కొని మిర్యాలగూడలోనే కిరాయికి తిప్పుకుంటున్నాడు.

కారు చూడ్డానికి బాగానే ఉండేది. ఎక్కుడు, అంటే ఎత్తు రోడ్డు, వస్తేనే ఆయాసం. అప్పుడే మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీకి రోజూ నలుగురు ఉద్యోగస్తులను దింపి తెచ్చే కిరాయి ఒకటి మాటల్లోకి వచ్చింది. మా ఆయన ఒప్పుకోవడానికి జంకాడు.

"దీనికి పికప్పూ లేదు, మైలేజీ లేదు. నలుగురిని ఎక్కిచ్చుకోని రోజూ పోతే డీజిలుకే ఖతం. అమ్మేసి మళ్ళ లారీ ఎక్కుత" అన్నాడు.

సేటు కూడా కబురు పెట్టాడు. కొత్త లారీ దిగింది, గురువారం సాయంత్రంలోగా వస్తవో రావో చెప్పు అని. నాకు అన్నం సయించలేదు.

కోదాడలో ఒకాయన కంప్యూటరు పెట్టి కార్లకు బలం తెస్తున్నాడని స్టాండులో డ్రైవర్లు చెప్పుకుంటున్నారు. అదే గురువారం మా అమ్మ నన్ను ఒడిబియ్యం పోసుకోవడానికి రమ్మంది. మా పుట్టిల్లు కోదాడ పక్క పల్లెలోనే. ఇంకేం, ఒక్క ప్రయాణంలో రెండు పనులు. సేటుకు జవాబు చెప్పే మూడో పని సూర్యాపేటలో ఎట్లాగూ ఉంది.

చిన్నదాన్ని మా అత్త దగ్గర ఉంచి, తెల్లవారగానే బయలుదేరాము. బంకులో మా ఆయన టాంకును గొంతు దాకా పోయించాడు. కోదాడలో మళ్ళీ గొంతు దాకా పోయిస్తే ఎంత తాగిందో తెలుస్తుందని లెక్క. దారి ఖర్చు తగ్గుతుందని హుజూర్‌నగర్ దాకా ఒక తాతను ఎక్కించుకున్నాము. ముందు రెండు సీట్ల మధ్య, గేరు రాడ్డు పక్కన, నా స్టీలు క్యారేజీ పెట్టాను. అందులో పులిహోర. ఎక్కుడు వచ్చి మా ఆయన సెకండ్ గేరుకు లాగినప్పుడల్లా రాడ్డు తగిలి క్యారేజీ ఠంగున మోగేది. ఎడమ కాలువ వంతెన ఎక్కేటప్పుడు రెండుసార్లు మోగింది. ముందు ఒక వరి గడ్డి ట్రాక్టరు పోతుంటే దాన్ని దాటలేక వెనకవెనకే పోయాము.

తాత గొడుగు మీద గడ్డం ఆనించి అడిగాడు. "ఏడికి బిడ్డా, పుట్టింటికా?"

"పుట్టింటికి తాతా. దానికంటె ముందుగాల కారుకు కంప్యూటర్ పెట్టిపిస్తున్నం."

"కారుకు కంప్యూటరా! మా మనుమనికి సదువుకోనీకె కొనిస్తలేరని ఇంట్ల రోజూ లొల్లి. కారు ఏం సదువుతదే?"

మా ఆయనకు కోపం రావాలి గాని నవ్వు వచ్చింది.

హుజూర్‌నగర్ బస్టాండు దగ్గర తాతను దింపి, వేడి ఇడ్లీ తిన్నాము. అటు పోయేవాళ్ళు ఉంటే చెబుతున్నాను, పొద్దున పూట అక్కడ పల్లీ చట్నీ బాగుంటుంది. ఎనిమిదిన్నరకల్లా కోదాడ చేరి టాంకు నింపితే లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు తేలింది.

ట్యూనింగు చేసే ఆయన పేరు ప్రసాద్. బెజవాడ వైపు మనిషి. టైర్ల దుకాణం వెనక చిన్న షెడ్డు, అందులో ఒక బల్ల, బల్ల మీద ల్యాప్‌టాప్. కారు కింద దూరతాడేమో, ఇంజను విప్పుతాడేమో అనుకున్నాను. ఆయన స్టీరింగు కింద చెయ్యి పెట్టి ఒక వైరు గుచ్చాడు, అంతే.

"ఇంజన్ల కంప్యూటర్ యాడుంటదయ్యా?" అని అడిగాను.

"కొన్నప్పుడే ఉంటుందమ్మా. ఇదిగో, ఈ డబ్బా. ఎంత గాలి వస్తే ఎంత డీజిలు చిమ్మాలి, ఏ క్షణంలో చిమ్మాలి, అన్నీ ఇదే చెబుతుంది. కంపెనీ వాళ్ళు అన్ని ఊళ్ళకూ సరిపడేలా కాస్త తగ్గించి పెడతారు. నేను కొంచెం పెంచుతాను."

"అంటే పొయ్యి మంట పెంచినట్టా?"

"ఆ, సరిగ్గా అదే. పొయ్యి ఒకటే, మంట పెట్టే తీరు మారుతుంది."

"మంట పెంచితె కట్టెలు ఎక్కువ కాలవా?"

ప్రసాద్ నా వైపు తిరిగి చూశాడు. "కాలతాయమ్మా, పెద్ద మంట పెట్టుకునే కూర్చుంటే. వంట తొందరగా అయిపోయి మంట తగ్గిస్తే కలిసొస్తుంది. మెల్లగా తోలితే పదిహేడు ఖాయం."

"మెల్లగ తోలితె మామూలుగనే ఎక్కువ వస్తది గద" అన్నాను.

"ఏమన్నా, మీ ఆవిడ్ని నా షాపులో కూర్చోబెట్టకండి, వచ్చినోళ్ళంతా పారిపోతారు" అని ప్రసాద్ నవ్వాడు. ఆ తర్వాత మాత్రం ఖరాఖండిగా చెప్పాడు. "పాత లెక్క చెరిపెయ్యను, దాచి ఉంచుతాను. నచ్చకపోతే రండి, మళ్ళీ అదే ఎక్కిస్తా. కానీ అన్నా, బలం వచ్చింది కదా అని అదే పనిగా తొక్కొద్దు. ఇంజను వేడెక్కుతుంది."

గంట పైనే పట్టింది. తెర మీద కొండలాంటి గీతలు, వాటి కింద అంకెలు. మా ఆయన వాటిని కాక గుమ్మం బయట పోయే లారీలను చూస్తూ కూర్చున్నాడు. పని అయ్యాక మళ్ళీ టాంకు గొంతు దాకా పోయించి, మా అమ్మ వాళ్ళ ఊరికి తీశాడు. ఊరి మలుపులో ఒకసారి తొక్కి చూశాడు. నా వీపు సీటుకు అతుక్కుంది.

"అబ్బ! మన బండేనా ఇది?" అన్నాడు.

ఒడిబియ్యం అంటే పెళ్ళయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు కొంగులో పోసే పసుపు బియ్యం. వాటితో ఎండు కొబ్బరి కుడుకలు, పోకవక్కలు, పసుపు కొమ్ములు, రవికె గుడ్డ. ఆ మూటను దారిలో ఎక్కడా కింద పెట్టకూడదు. అత్తింటి గడప దాటి, దేవుడి ముందే దించాలి. మా ఇంట్లో ఇంకో అలవాటు ఉంది. ఒడిలో పోసింది కాక, ముగ్గురు తమ్ముళ్ళు తలా ఒక బస్తా బియ్యం పంపుతారు. వాటినీ ఒడిబియ్యం అనే అంటాము, వాటినీ దారిలో దించము.

బస్తాలు ఎత్తుతుంటే మా ఆయన మా అమ్మను ఆటపట్టించాడు. "మిర్యాలగూడకు బియ్యమా అత్తా? మా తాన మిల్లులన్ని మూతపడ్డయని ఎవరన్న జెప్పిండ్రా?"

"మిల్లు బియ్యం మిల్లువి. ఇవి నా బిడ్డవి. నోరు మూసుకోని ఎక్కియ్యి అల్లుడా" అంది మా అమ్మ. దానికి తోడు రెండు గుమ్మడికాయలు, ఒక కందుల మూట కూడా పెట్టింది.

భోజనాలు చేసి రెండు గంటలకు బయలుదేరాము. ఒళ్ళో ఒడిబియ్యం మూట, గేరు రాడ్డు పక్కన అదే క్యారేజీ, డిక్కీలోనూ వెనక సీట్లోనూ బస్తాలు. హైవే అప్పుడే కొత్తగా వెడల్పు చేశారు, అద్దంలా ఉంది. ఇక మా ఆయనను పట్టేవాళ్ళు లేరు. ఎర్రబస్సును దాటాడు, గ్యాసు లారీని దాటాడు, పెళ్ళి వ్యానును దాటి వాళ్ళ బ్యాండు వాళ్ళకు చెయ్యి కూడా ఊపాడు. పొద్దున గడ్డి ట్రాక్టరు వెనక నడిచిన మనిషి ఇతడేనా అనిపించింది.

సూర్యాపేటలో టాంకు నింపించి, వేళ్ళ మీద లెక్క వేశాడు. మళ్ళీ వేశాడు. ముఖం వాడిపోయింది.

"పన్నెండున్నర. తగ్గింది! పద్నాలుగు వచ్చేదాన్ని పాడుచేసిండు. ఇగ అయిపోయింది లచ్చిమీ. సేటు దగ్గరికి పోదాం పా."

సేటు ఇల్లు అక్కడికి రెండు సందుల అవతలే. పోయేముందు ఒక్క చాయ్ తాగుదామని బతిమాలాను. బస్టాండు ఎదుట ఒక చిన్న హోటలు దగ్గర ఆపాడు. నేను దిగలేదు. హోటలు నడిపే ఆమె చాయ్ గ్లాసులు కారు దగ్గరికే తెచ్చింది.

"దిగరాదె అక్కా, లోపట ఫ్యాను కింద కూసుందువు."

"ఒళ్ళె ఒడిబియ్యం ఉన్నయమ్మా. దించరాదు."

ఆమె వెనక సీటు చూసింది, డిక్కీ వైపు వంగి చూసింది. "గివి గూడ ఒడిబియ్యమేనా? నీ ఒడి ఎంత పెద్దదే తల్లీ! ఎనక కుంగి, కారు బర్రె పండుకున్నట్టున్నది."

గ్లాసు నా చేతిలోనే ఆగిపోయింది. మా ఆయనను పిలిచాను.

"ఏమయ్యా, పొద్దుగాల మనం ఎన్ని మూటలతోని పోయినం?"

"మూటలేంది? ఉత్తగనే పోయినం. ఆ ముసలాయన తప్పితే."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు గూడ ఉత్తగనే వస్తున్నం గద, ఒడిబియ్యమే..." అని ఆగిపోయాడు.

అన్నేళ్ళు లారీ నడిపి, కాంటా ఎక్కించనిదే ఒక్క బస్తా ఎక్కువ వేసుకోని మనిషి. ఇవి కూడా బియ్యమేనని, వీటికీ బరువు ఉంటుందని ఆయనకు తట్టలేదు. నాకూ తట్టలేదు. పుట్టింటి నుంచి తెచ్చుకునేదాన్ని లోడు అని ఎవరు అనుకుంటారు?

"అయితె గిప్పుడేం జెయ్యాలె? దించి ఇంకోసారి తిరిగి సూద్దామంటె నువ్వు దించనియ్యవు."

"దించుడెందుకు? క్యారేజీని అడుగు."

"క్యారేజీనా? నీకేమన్న ఎండదెబ్బ తాకిందా?"

"పొద్దుగాల కాలువ ఎక్కుడు కాడ రెండుసార్లు మోగింది, ఉత్త కారుకు. మునగాల దాటినంక ఎక్కుడు వచ్చింది గద, మూడు బస్తాలతోని. మోగిందా?"

ఆయన ఆలోచించాడు. చెయ్యి గేరు రాడ్డు మీద పెట్టి, కళ్ళు మూసుకుని, ఆ ఎక్కుడు మళ్ళీ ఎక్కుతున్నట్టు కూర్చున్నాడు.

"లేదే! నేను గేరే మార్చలే. అట్లనే ఎక్కింది" అన్నాడు.

"ఇగ డీజిలంటవా, బస్తాలు సగం తాగినయి, నీ కాలు సగం తాగింది. బస్సును దాటితివి, పెండ్లోళ్ళను దాటితివి. ఎవరు తరుముతున్నరని?"

హోటలామె పక్కున నవ్వింది. మా ఆయన చాయ్ అంతా ఒక్క గుక్కలో తాగాడు.

సేటు వరండాలో కుర్చీ వేసుకుని మా కోసమే చూస్తున్నాడు. లారీ తాళం బల్ల మీదే ఉంది.

"సైదులూ, వస్తున్నవా?"

"లేదు సేటూ. ఇంకొకరికియ్యి. నా బండి నడుస్తది."

"మైలేజీ వచ్చిందా?"

"అది ఇంకా తెల్వది. పికప్పయితె వచ్చింది."

సేటు మా ఇద్దరి వైపూ, కుంగిన కారు వైపూ చూశాడు. "తెల్వకుంటనే జవాబు జెప్తున్నవా? సరే, నీ ఇష్టం" అన్నాడు. మంచి మనిషే. నాకు మంచినీళ్ళు తెప్పించాడు.

అయిదింటికి మిర్యాలగూడ దారి పట్టాము. ఈసారి మా ఆయన పసిబిడ్డను ఎత్తుకున్నట్టు నడిపాడు. ఎవరినీ దాటలేదు. ఒక ఆటో మమ్మల్ని దాటింది, అయినా ఏమీ అనలేదు. మూసీ వంతెన అవతల ఎక్కుడు రాగానే ఇద్దరమూ మాటలు ఆపి క్యారేజీ వైపు చూశాము. అది కిక్కురుమనలేదు.

మా ఊరి బంకులో, పొద్దున పోయించిన చోటే, గొంతు దాకా పోయించాడు. బస్తాలతో సహా పద్నాలుగు, ఒక పిసరు ఎక్కువ. అక్కడి నుంచే ఫోను చేసి మఠంపల్లి కిరాయి ఒప్పుకున్నాడు. ప్రసాద్ చెప్పిన పదిహేడు ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఉత్త కారు మీద మెల్లగా పోతే పదిహేను వచ్చేది. అందులో ట్యూనింగు వంతు ఎంతో, మా ఆయన కాలి వంతు ఎంతో నేను విడదీయలేను. బలం మాత్రం వచ్చింది, దానికి నేను సాక్ష్యం. మీరు చేయించుకుంటే ముందూ తర్వాతా ఒకే దారిలో, ఒకే బరువుతో నడిపి చూడండి. పుట్టింటి మూటలు కూడా లెక్కలో వేయండి.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ. ముందు నేను గడప దాటి, ఒళ్ళోని బియ్యం దేవుడి ముందు దించాను. తర్వాత మా ఆయన బస్తాలు ఒక్కొక్కటే మోశాడు. ఒక్కో బస్తాకు కారు వెనక భాగం కొంచెం కొంచెం లేచింది. ఈనిన గొర్రె లేచి నిలబడ్డట్టు.

మా చిన్నది గుమ్మంలో నుంచి అంతా చూస్తోంది. "నాయినా, బండి లేసింది! రేపు గూడ నువ్వు ఇంట్లనే ఉంటవా?" అని అడిగింది.

"రేపు మఠంపల్లి పోయి మళ్ళ వస్త బిడ్డా. పొద్దుగూకేవరకు వస్త" అన్నాడు. అట్లాగే వచ్చాడు. మరునాడూ, ఆ మరునాడూ.

ఇంత ఓపికగా విన్నారు. మీ ఇంటి బండి ఏదైనా పొద్దుగూకేసరికి మీ గడప ముందే ఆగాలి. మీ ఆడబిడ్డల ఒడి ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఆ ఒడి మోసేవాళ్ళకు అది బరువని ఎన్నడూ తోచకుండా ఉండాలి.