భీమన్న పాట మీద నూట ఏడో సెక్షన్

2010 ఎండాకాలంలో నన్ను కోరుట్ల తహసీల్దారుగా బదిలీ చేశారు. తహసీల్దారంటే భూముల లెక్కలు చూసేవాడని జనం అనుకుంటారు. అతను ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కూడా. ఫలానా మనిషివల్ల శాంతికి భంగం కలగవచ్చని పోలీసులు రాసి పంపితే, నూట ఏడో సెక్షన్ కింద అతన్ని పిలిపించి, బుద్ధిగా ఉంటానని పూచీకత్తు రాయించుకోవాలి. దీన్నే బైండోవర్ అంటారు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు కనుక మా ఆఫీసు వరండా పెళ్లివారి విడిదిలా కళకళలాడేది. నాయకులు ఇస్త్రీ బట్టల్లో వచ్చి, సంతకం పెట్టి, ఫొటోలు దిగి వెళ్లేవారు. పేపర్లో ఫొటో పడకపోతే నన్నే నిష్ఠూరమాడేవారు.

ఆ వరండాలోకి ఒకరోజు భీమన్న వచ్చాడు. గోదావరి అవతలి గుట్టల్లో, బస్సు వెళ్లని గూడెం అతనిది. తాతతండ్రుల నుంచి వచ్చిన ఒకే ఒక్క కథాగేయం పాడతాడు. ఏటా కొండగట్టు జాతరకు వచ్చి మెట్ల దగ్గర కూర్చుని పాడేవాడు. ఉద్యమ పాటలతో ధూం ధాం సభలు పెట్టేవాళ్లు అతన్ని అక్కడే పట్టుకున్నారు. జగిత్యాలలో మొదటిసారి మైకు ముందు నిలబడ్డాడు. సిరిసిల్లలో మరమగ్గాలు ఆపి మరీ వచ్చి విన్నారు. కోరుట్లకు వచ్చేసరికి కరపత్రంలో అక్కడి ఉద్యమ నాయకుడి పేరు కింద, కాస్త చిన్న అక్షరాల్లో, అతని పేరు పడింది. గుట్టల మీది గాయకుడికి ఇంతకన్నా పదోన్నతి ఏముంటుంది?

ఆ నాయకుడు పాత దొరల ఇంటివాడు. కోరుట్ల సభకు అలవాటు ప్రకారం ఆలస్యంగా బయలుదేరాడు. జనం లేచిపోకుండా నిర్వాహకులు భీమన్నను వేదిక ఎక్కించి, కారు కనబడగానే ఆపమన్నారు. పాట కుళాయి లాంటిదని వారి అభిప్రాయం కాబోలు. కారు వచ్చింది, టపాకాయలు పేలాయి, కార్యకర్తలు చొక్కా పట్టుకుని లాగారు. భీమన్న ఆపలేదు, జనం ఆపనివ్వలేదు. నాయకుడు మెడలో దండలతో, అంతా అర్థమవుతున్నట్టు తల ఊపుతూ కూర్చున్నాడు. పాట, మైకు అనుమతి గడువు ఒకేసారి ముగిశాయి. ఎస్సై వచ్చి మైకు తీయించేశాడు. ఉపన్యాసం లేకుండానే సభ అయిపోయినందుకు పోలీసులు ఆ రోజు ఎంత తృప్తిగా ఇంటికి వెళ్లారో చెప్పలేను.

మర్నాడు నాయకుడే పోలీసులకు అర్జీ పెట్టాడు. భీమన్నవల్ల సభలో గొడవ జరగబోయిందని, ఏడాదిపాటు ఏ వేదికా ఎక్కకుండా అతన్ని బైండోవర్ చేయాలని అందులో కోరాడు. అంతకుముందు వారమే నేను బైండోవర్ చేసిన పెద్దమనిషి ఆయన. ఆ రోజు ప్రభుత్వం మా గొంతు నొక్కుతున్నదని నా ఆఫీసు మెట్ల మీదే నిలబడి గర్జించాడు. గొంతు నొక్కించడానికి ఏ ఆఫీసుకు వెళ్లాలో అప్పుడే తెలుసుకున్నట్టున్నాడు. ఎస్సై ఆ అర్జీని నవ్వకుండా నాకు పంపాడు. క్రమశిక్షణ అంటే అదే.

భీమన్న ఇల్లు అప్పటికి ఆ సభల మీదే గడుస్తోంది. నేను ఉత్తర్వు ఇస్తే అతని బతుకు ఆగుతుంది, మీరి పాడితే జైలు. పాట ఎందుకు ఆపలేదని విచారణలో అడిగాను.

“సారూ, మా పాటల పిలగాడు నడిమిట్ల సచ్చిపోతడు. ఆఖరికి వాళ్లవ్వ అచ్చి లేపుతది. కారు అచ్చినప్పుడు గా పిలగాడు సచ్చి పడున్నడు. గట్లనే ఇడిసిపెట్టి ఎట్ల దిగుత?”

మధ్యలో ఆపితే గూడెంలో పిల్లలకు కీడని వాళ్ల ఇంటి నమ్మకమట. అర్జీదారుగా విచారణకు వచ్చిన నాయకుడికి చిరాకు వచ్చింది. అదంతా కట్టుకథ అని, తాను తెలంగాణ కోసం నిజంగా చచ్చిపోయిన పిల్లల గురించి మాట్లాడడానికి వచ్చానని అన్నాడు. భీమన్న ఆయన వైపు తిరిగి, తెలుసుకుందామన్నట్టే అడిగాడు.

“నీ మాట అయిపోయినంక గా పిలగాండ్లు లేస్తరా దొరా?”

నాయకుడు సెల్‌ఫోన్ తీసి చూసుకున్నాడు. అంతకు కొద్దిరోజుల ముందే అలాంటి ఒక కుర్రవాడి శవ పంచనామా చేసి వచ్చినవాణ్ణి, నాకు చాలా బాధ కలిగింది.

శాంతికి భంగం కలిగినట్టు ఆధారం లేదని రాసి కేసు మూసేశాను. భంగమైంది నాయకుడి మనశ్శాంతి ఒక్కటేనని, అది సెక్షన్ పరిధిలోకి రాదని మాత్రం రాయలేదు. నాకింకా సర్వీసు మిగిలి ఉంది.

భీమన్న దండం పెట్టి వెళ్లాడు. న్యాయం చేశానన్న గర్వంతో కొన్నాళ్లు తిరిగాను. తరువాత జగిత్యాలలో సభ జరిగింది, సిరిసిల్లలో జరిగింది. కరపత్రాల్లో భీమన్న పేరు లేదు. అడిగితే నిర్వాహకులు సమయం సరిపోవడం లేదన్నారు. రాష్ట్రం వచ్చింది, వేదికలు పెరిగాయి, సమయం మాత్రం సరిపోలేదు. అతను తిరిగి గుట్ట ఎక్కేశాడని విన్నాను.

గాయకుణ్ణి ఆపడానికి చట్టం అక్కరలేదని, పిలిచేవాళ్లు పిలవడం మానేస్తే చాలని ఆ కేసు వల్ల తెలుసుకున్నాను. నా ఉత్తర్వు మీద నాయకుడు పై కోర్టుకు వెళతాడని చాలాకాలం ఎదురుచూశాను. వెళ్లలేదు. ఆయనకు ఆ అవసరం రాలేదు.