మూత తీయకుండా పది రోజులు

2023 వేసవి. నూజివీడులో మా కాలేజీ బయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా నాకది పంతొమ్మిదో ఏడు. మైక్రోస్కోపు కంటే నా అంచనాయే గొప్పదని నమ్మే రోజులవి.

ముసునూరు అమ్మాయి శ్రావణి తన ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి స్లైమ్ మోల్డ్ ఎంచుకుంది. వానాకాలం మామిడి బెరడు మీద పసుప్పచ్చగా పాకే జిగురు ప్రాణి అది. ఎండితే పొడిగా మారుతుంది. ఆ పొడిలోని రేణువులే స్పోర్లు, దాని విత్తనాలనుకోండి. సగం స్పోర్లను బెలూన్‌కి కట్టి, గాలి పలచబడి అన్నీ గడ్డకట్టే ఎత్తుకి పంపారు. మిగతా సగం ల్యాబ్‌లోనే ఉంచాం. పైకెళ్ళినవి బతికొస్తాయా అన్నదే ప్రశ్న. మొలవకపోతే ప్రాజెక్టు ఆపేయమని ఆమె గైడు ముందే చెప్పేశారు.

రెండు రకాలనూ తడి బెరడు ముక్కలున్న పెట్రీ డిష్‌లలో, అంటే మూత ఉండే గాజు పళ్ళేల్లో చల్లాం. వారం దాటింది. నేల మీదే ఉంచినవి మొలిచాయి. పైకెళ్ళినవి ఉలకవు, పలకవు. "చచ్చాయి" అని రిజిస్టర్లో రాసేశాను. శ్రావణి ముఖం చూడలేకపోయాను.

ఆ సాయంత్రం కూతురి కోసం వాళ్ళమ్మ నాగమణి వచ్చింది. తోటల్లో కాయ కోసి మాగేసే పని ఆమెది. పళ్ళేలను వంగి చూసింది.

"వీటిని రోజూ తెరిచేవారా అండీ?"

"గంటకోసారి తెరిచేవాణ్ణి. అంత పైకెళ్ళొచ్చినవి కదమ్మా, ఆత్రం."

"మరి ఆ మొలిచినవి?"

"వాటినెవరు చూస్తారు? మూలన పడున్నాయి."

ఆమె పకపకా నవ్వింది. "బాగుందండీ సంబడం! గడ్డిలో మాగేసిన కాయని గంటకోసారి తీసి చూస్తే పండుద్దా? ఆవిరంతా పోదూ?"

నాకు తల కొట్టేసినట్టయింది. మూత తీసి తీసి తడి ఆరగొట్టింది నేనే. పరీక్షలో రెండింటినీ ఒకేలా చూడాలని ఏటా పిల్లలకి చెప్పేదీ నేనే.

ట్యూబుల్లో రెండు రకాల స్పోర్లూ కాసిని మిగిలున్నాయి. శ్రావణి గైడుని బతిమాలి పది రోజులు గడువు తెచ్చుకుంది. ఈసారి రెండు రకాలనూ పక్కపక్కనే పెట్టి, మూతలకి టేపు వేసింది. "ముట్టుకుంటే ఊరుకోను సార్" అంది, నా వైపే చూస్తూ.

పదో రోజు టేపు విప్పాం. పైకెళ్ళొచ్చిన ఐదు పళ్ళేల్లో మూడు ఖాళీ. మిగతా రెండింట్లో, బెరడు అంచున, సన్నని పసుపు దారం! శ్రావణి ఏడుస్తూనే ఫోన్ తీసింది. "అమ్మా, పండిందమ్మా!"

రిజిస్టర్లో నా పాత రాత కొట్టేయలేదు. దాని కిందే కొత్త ఫలితం రాసి, కారణం కూడా రాశాను: ఆ ఎత్తున చలిని తట్టుకున్నాయి, నా ఆత్రాన్నే తట్టుకోలేకపోయాయి.