నుదుటి రూపాయి

బీరువా సొరుగు లాగితే చాలు, వక్కాకు వాసన, దాని వెనకాలే ఎండుమిరప ఘాటు. పాత మందుసీసాలో దూది మధ్య పెట్టిన ఒక్క వెండి రూపాయికి ఇన్నేళ్ళయినా అంత వాసన ఉంటుందా అంటే ఏమో, నా ముక్కుకు మాత్రం తగులుతుంది. మొన్న గుంటూరులో ఒక కల్యాణమండపంలో పాతనాణేల ప్రదర్శన పెట్టారంటే దాన్ని పట్టుకెళ్ళాను. బల్ల వెనక కూర్చున్న కళ్ళజోడాయన అటూ ఇటూ తిప్పి చూశాడు. “రాజు మొహం లేదు, సంవత్సరం లేదు. తూకానికి వెండి కింద పోవాల్సిందేనండీ. దాచుకునే సరుకు కాదమ్మా ఇది” అని గోటితో బల్ల అంచుకు నెట్టాడు. మా కల్లంలో తాలుకాయను అచ్చం అట్లాగే నెట్టేవాళ్ళు.

ఆ తాలు ఏరడమే మా అమ్మమ్మ పని. ఎండలు ముదిరే రోజుల్లో మామయ్య కల్లం నిండా మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉండేవి. ముక్కులకు కొంగులు కట్టుకున్న ఆడవాళ్ళు వరసగా కూర్చుని, తుమ్ముతూ, తిట్టుకుంటూ, రంగు పోయి తెల్లబారిన కాయల్ని పక్కకు ఏరేవాళ్ళు. మధ్యాహ్నం సద్దన్నంలోకి గోంగూర పచ్చడి, నలగ్గొట్టిన ఉల్లిపాయ. ఆ చేతుల్తోనే కళ్ళు నులుముకుని మేం పిల్లలం గోలుగోలున ఏడవడం. “తాలని పారెయ్యమాకండే, దానికీ కారం ఉంటది” అని అమ్మమ్మ కేకలేసేది.

ఆవిడ వక్కాకు సంచిలో ఉండేది ఈ రూపాయి. పెళ్ళిలో తాతయ్య చేతిలో పెట్టాడట. ముప్పై ఏళ్ళు నిండకుండానే ఆయన పోతే బొట్టు చెరిపేశారు. అప్పట్నుంచీ మాటల మధ్య దాన్ని బొటనవేలితో రుద్దుతూనే ఉండేది. “నేను పోయినరోజు దీన్ని నా నుదుట పెట్టండే. ఇన్నాళ్ళబట్టీ బోసిగా ఉంది, పోయేటప్పుడన్నా ఇంత బొట్టుతో పోతా” అని నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. చచ్చినవాళ్ళందరికీ నుదుట కాసు పెడతారని తెలుసు గాని, ఆవిడ ఎంత ఆశగా అడుగుతోందో ఎవరికి పట్టింది!

బాల్యం అనగానే అందరికీ నోట్లో బెల్లం ఊరుతుందట. నాకు ఊరదు. పదేళ్ళ వయసులో వేసవి సెలవలకు వెళ్ళినప్పుడు, తొక్కుడుబిళ్ళలో నా పెంకుముక్క ఎప్పుడూ గీత మీదే ఆగి చచ్చేది. ఒక మధ్యాహ్నం అమ్మమ్మ కునుకు తీస్తుంటే సంచిలోంచి రూపాయి లాగేశాను. అబ్బ, ఏం జారిందని నాపరాళ్ళ మీద! నాలుగు రోజులు నన్ను ఓడించినవాళ్ళు లేరు. రాజు మొహంలో ఆవిడ వేలు మిగిల్చిన కాస్త ముక్కూ గడ్డమూ ఆ నాలుగు రోజుల్లోనే రాళ్ళకు అరిగిపోయాయి. అది చూసుకుని భయమేసింది. అమ్మమ్మ ఎవరికీ చెప్పకుండా సంచి తడుముకుంటున్నా, తిరిగి అందులో పెట్టకుండా పరికిణీ బొడ్లో దోపుకుని తిరిగాను.

అయిదోరోజు అమ్మమ్మ కల్లంలో, కాయల మధ్యే ఒరిగిపోయింది. ఇంటికి మోసుకొచ్చేసరికి ప్రాణం లేదు. అత్తయ్య వక్కాకు సంచి బోర్లించింది. తమలపాకులు, సున్నపుకాయ, వక్కలు. రూపాయి లేదు. మంచం కింద వెతికారు, ట్రంకుపెట్టె వెతికారు. “ఏడ పారేసుకుని చచ్చిందో! కానీండి, ఎండెక్కుతోంది” అని మామయ్య చొక్కా జేబులోంచి అర్ధరూపాయి తీసిచ్చాడు. పసుపు ముద్దతో అంటించారు. రెండుసార్లు జారి కింద పడింది.

గుంజ పక్కన నేను, బొడ్డు దగ్గర పిడికిలి బిగించుకుని. నాలుగడుగులు వేస్తే చాలు. వేయలేదు. వీపు చీరేస్తారని భయపడ్డాను, అంతే. చిన్నపిల్లను, ఏం తెలుసు అని సర్దిచెప్పుకుందామంటే సిగ్గేస్తుంది. ఆవిడ ఏం అడిగిందో నాకు శుభ్రంగా తెలుసు.

ఆ కల్లం ఉన్నచోట ఇప్పుడు కోల్డ్ స్టోరేజి లేచింది. ఇల్లు పడగొట్టినప్పుడు నాపరాళ్ళు ఎవరో బండి కట్టుకుని తీసుకుపోయారు. తొక్కుడుబిళ్ళ ఆడే పిల్ల ఊరంతా వెతికినా కనపడలేదు. మామయ్యా అత్తయ్యా పోయారు. రూపాయి ఎక్కడికి పోయిందో వాళ్ళకు చివరిదాకా చెప్పనే లేదు.

ప్రదర్శన నుంచి వచ్చిన రోజు మా అమ్మాయికి మొదటిసారి ఇదంతా చెప్పాను. రూపాయి అరచేతిలో పెట్టుకుని చూసి, “పోనీలే అమ్మా, నీకు పెడతాంలే” అంది, నన్ను ఓదార్చాలనే.

“నోర్ముయ్! అది మా అమ్మమ్మ బొట్టు” అని చేతిలోంచి లాక్కున్నాను.