దొర రాసుకున్న పెళ్లి పాట

ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన పాట చదివి, ఆ మనుషులు నాకు అర్థమయ్యారని అనుకోవచ్చా? యూనివర్సిటీ రోజుల నుంచి నన్ను వదలని ప్రశ్న ఇది.

1870ల్లో గోదావరి అవతలి సిరోంచలో పనిచేసిన ఒక తెల్లదొర గోండుల పాటలు రాసుకున్నాడు. వాటిలో 'పెళ్లి పాట' అని ఉన్న ఒకదాన్ని నేను తెలుగు చేశాను. "వెనక్కి చూడకుండా వాగు దాటు తల్లీ" అని సాగుతుంది. పోయిన నెల మా చెల్లెలి కూతురి అప్పగింతల్లో పాడించాను కూడా. అందరూ ఏడ్చారు.

ఈ రోజు సిరోంచ వైపే ఉన్న జింగనూర్‌ అనే ఊళ్లో ఒక గోండు అవ్వ ఇంట్లో కూర్చుని, ఆ పాటను గోండిలోనే చదివి వినిపించాను. రెండో చరణానికే ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపు బిడ్డా! నా ఇంట్ల ఎవలు సచ్చిండ్రు?"

"పెండ్లి పాట గదా అవ్వా? దొర గట్లనే రాసిండు."

"సావు పాట అది. పీనుగ లేని ఇంట్ల దాని పేరెత్తం. దొర పెండ్లి పాట పాడుమంటే కాదంటరా మరి? అసలుది ఇయ్యబుద్ధిగాక ఇదే పెండ్లిదని చెప్పి ఉంటరు మా పెద్దలు. దొర నమ్మిండు సరే, ఇంత సదువుకున్నవు, నువ్వెట్ల నమ్మినవ్?"

కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

ఇంటికొచ్చేసరికి చెల్లెలి మెసేజ్: అమ్మాయి ఆ పాట మళ్లీ వినాలంటోంది, పంపమని. నేను శకునాలు నమ్మను. అయినా పంపలేకపోయాను.

మీరైతే ఏం చేసేవారు? చెల్లెలికి నిజం చెప్పాలో, ఏమీ ఎరగనట్టు పాట పంపెయ్యాలో, నాకింకా తేలలేదు.